చిహిరో మళ్ళీ వాళ్ళమ్మ చెయ్యెందుకు పట్టుకుంది?

ఒరేయ్ మామా,

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమేంటి అనుకుంటున్నావా? ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనిస్తే కదా. మొన్న ఆదివారం రాత్రి "కార్టూన్లలో క్యారెక్టర్ ఏంట్రా, అవి పిల్లల బొమ్మలు, పాత్ర ఎదగడం చూడాలంటే నవల చదవాలి" అని తీర్పు చెప్పేసి, పొయ్యి మీద పప్పు మాడుతోందని పెట్టేశావు. ఆ పప్పు ఏమైందో తెలీదు గానీ నాకు మాత్రం రెండు రోజుల నుంచి కడుపులో మాడుతూనే ఉంది. ఇవాళ పొద్దున్నుంచి విద్యానగర్‌లో ఒకటే వాన. ఇంటి నుంచే పని చెయ్యమన్నారు, ఆ పని పదకొండింటికల్లా అయిపోయింది. కాబట్టి తీరిగ్గా కూర్చుని చదువుకో, మధ్యలో పెట్టేయడానికి ఇది ఫోన్ కాదు.

అసలు ఇదంతా మా అక్క కూతురి వల్ల మొదలైంది. దసరా సెలవులకి వచ్చింది, ఎనిమిదేళ్ళు, ఒకే సినిమాని పది రోజుల్లో ఆరుసార్లు చూసింది. స్పిరిటెడ్ అవే, మియజాకి 2001లో తీసిన జపాన్ బొమ్మల సినిమా. ఇంగ్లీషు డబ్బింగులో పెట్టుకుని చూస్తుంది, సగం మాటలు దానికి అర్థం కావు, అయినా కదలదు. నీకు కథ తెలీదు కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. చిహిరో అని పదేళ్ళ పిల్ల, అమ్మానాన్నలతో కొత్త ఊరికి పోతూ దారి తప్పి ఒక సొరంగం గుండా వింత లోకంలోకి వెళ్తుంది. అక్కడ ఎవరిదో తిండి తినేసి అమ్మానాన్న పందులైపోతారు. వాళ్ళని విడిపించుకోవడానికి ఈ పిల్ల దేవతలు స్నానానికొచ్చే ఒక పెద్ద హమామ్‌లో పనికి కుదురుతుంది. దాని యజమానురాలు ఈమె పేరు కూడా లాగేసుకుని సగం పేరు ఇస్తుంది. చివరికి అందరూ బయటపడి అదే సొరంగంలోంచి వెనక్కి వస్తారు.

ఆరోసారి చూస్తూ మా పిల్ల ఏమందో తెలుసా? "మామయ్యా, ఇంత చేసింది కదా, మరి వెళ్ళేటప్పుడు మళ్ళీ వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుందేంటి? ఫస్ట్‌లో పట్టుకున్నట్టే?"

నేను చూస్తున్నవాణ్ణి చూస్తున్నట్టే ఆగిపోయాను. నిజంగానే మొదట్లో సొరంగంలోకి వెళ్ళేటప్పుడు చిహిరో భయంతో అమ్మ చేతిని వాటేసుకుని నడుస్తుంది, అలా వేలాడకు, నడవలేకపోతున్నానంటుంది తల్లి. చివర్లో బయటికి వచ్చేటప్పుడూ అదే నడక, అదే పట్టు, తల్లి విసుగూ అదే. మన సినిమావాళ్ళయితే అక్కడ పిల్లని అందరికంటే ముందు నడిపించి, గాల్లో జుట్టు ఎగరేసి, వెనకాల మ్యూజిక్ కొట్టేవాళ్ళు. ఆయన మాత్రం తెచ్చి మొదటి సీన్‌లోనే నిలబెట్టాడు. జుట్టుకి కట్టుకున్న కొత్త రబ్బరు బ్యాండు ఒకసారి తళుక్కుమంటుంది, అది అక్కడి నేస్తాలు అల్లి ఇచ్చింది. అంతే, ఇంకేం లేదు.

మరి ఆ పిల్ల ఎదిగిందని మనకెలా తెలిసిందిరా? ఎక్కడా ఎవరూ చెప్పలేదు. నేను వెనక్కి తిప్పి చూశాను (ఈసారి మా పిల్ల విసుక్కుంది). మొదట్లో బాయిలర్ గదికి పోవాలంటే బయట గోడకి ఆనుకుని నిట్టనిలువు మెట్లున్నాయి. చిహిరో ఒక్కో మెట్టు మీదా కూలబడి, పాకుతూ దిగుతుంది. ఒక మెట్టు విరగ్గానే కేకలు పెట్టుకుంటూ దొర్లినట్టు పరిగెత్తి వెళ్ళి గోడకి గుద్దుకుంటుంది. సినిమా సగమయ్యాక దెబ్బలు తగిలిన నేస్తాన్ని కాపాడాలి. ఈసారి మెట్లు కూడా లేవు, గోడ వెంబడి ఒక పైపు. దాని మీద పరిగెడుతుంది, పైపు ఊడిపోతుంటే ఎగిరి నిచ్చెన పట్టుకుంటుంది. అదే ఎత్తు, అదే ఒళ్ళు. ఇంకోటి చూడు: పని ఇప్పించిన బాయిలర్ తాతకి థాంక్స్ చెప్పడం కూడా రాదు మొదట్లో, తోటి పనిమనిషి తిడుతుంది, నోరు లేదా నీకు అని. మన ఇళ్ళల్లో చుట్టాలొస్తే నమస్తే పెట్టమని వీపు మీద ఒకటిచ్చినట్టు. వెళ్ళేటప్పుడు ఎవరూ చెప్పకుండానే అందరికీ వంగి దండం పెట్టి కదులుతుంది. దానికి కాస్త ముందు పందుల మందని నిలబెట్టి వీటిలో మీ అమ్మానాన్న ఎవరని అడిగితే, వీటిలో లేరు అంటుంది. ఎలా తెలిసిందో సినిమా చెప్పదు. నాకైతే చెప్పక్కర్లేదనిపించింది.

అప్పట్నుంచి నాకో పిచ్చి పట్టింది. ఏ కథ తీసుకున్నా, మొదట్లో వచ్చిన ఇరకాటమే రెండోసారి ఎక్కడ వచ్చింది, అప్పుడు వీడేం చేశాడు అని వెతుకుతున్నాను. "నేను మారాను" అని ఏడుస్తూ డైలాగు చెప్తే నమ్మను. మన హాస్టల్లో ఒకడుండేవాడు గుర్తుందా, బిల్లు కట్టే టైముకి బాత్రూంలోకి దూరేవాడు? పోయిన నెల నారాయణగూడలో కలిశాడు, ఇరానీ హోటల్లో కూర్చున్నాం, గంటసేపు జీవితం తననెంత మార్చిందో చెప్పాడు, బిజినెస్‌లో దెబ్బ తిన్నానన్నాడు, ధ్యానం చేస్తున్నానన్నాడు. నేను కూడా కరిగిపోయాను. సాసర్‌లో బిల్లు పెట్టగానే "హలో, హలో, సిగ్నల్ లేదు" అంటూ బయటికి పోయాడు. రెండు చాయ్‌లు, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు!

సరే, నీ కార్టూన్ల గొడవకొస్తాను. కార్టూన్ అనగానే నీ బుర్రలో ఉండేది ఛోటా భీమ్ అని నాకు తెలుసు. మన హైదరాబాద్ కంపెనీ తీసిందే, 2008 నుంచి వస్తోంది, లడ్డు తింటాడు, గెలుస్తాడు, మర్నాడు మళ్ళీ లడ్డు. వాడు మారడు, మారకూడదు కూడా, ఎందుకంటే స్కూల్ నుంచి వచ్చిన పిల్లకి నిన్నటి భీమే కావాలి. దాన్ని చూసి మొత్తం యానిమేషన్‌కి పాత్రలే లేవనడం, రోడ్డు పక్క బండి దోసె తిని ఊళ్ళో వంటే లేదన్నట్టుంది.

నవలకున్న సుఖం బొమ్మల సినిమాకి లేదురా. నవలలో రచయిత నేరుగా మనసులోకి దిగి "అతనికి సిగ్గేసింది" అని రాసేయొచ్చు. మామూలు సినిమాలో నటుడి మొహం ఉంటుంది, డైరెక్టర్ అడగని భావాలు కూడా ఒక్కోసారి దానంతటదే పలుకుతుంది. బొమ్మకి ఆ అదృష్టం కూడా లేదు. సెకనుకి 24 ఫ్రేములు, అందులో కనురెప్ప పడాలన్నా ఎవరో ఒకళ్ళు కూర్చుని పడెయ్యాలి. కాబట్టి ఆ పిల్ల మెట్ల మీద కూలబడిందంటే ఎలా కూలబడాలో ఎవరో రోజుల తరబడి ఆలోచించారన్నమాట. లోపలి మార్పు ఒంట్లోకి రాకపోతే బొమ్మల సినిమాలో అది లేనట్టే. మాటలు సగం అర్థంకాని ఎనిమిదేళ్ళ పిల్లకి కూడా తెలిసిందంటే అందుకే.

టాయ్ స్టోరీ సంగతి చెప్తాను, ఇది నీకు నచ్చుతుంది, ఎందుకంటే ఇది రాతగాళ్ళ కష్టం. 1995లో వచ్చింది, పూర్తిగా కంప్యూటర్ మీద తీసిన మొట్టమొదటి పెద్ద సినిమా. అందులో వుడీ అని కౌబాయ్ బొమ్మ, పిల్లాడికి ఇష్టమైన బొమ్మ. బజ్ అని కొత్త బొమ్మ రాగానే కుళ్ళుకుంటాడు. రెండేళ్ళ ముందు, 1993 నవంబరులో, అప్పటిదాకా అయిన కథని స్కెచ్‌లతో డిస్నీ వాళ్ళకి చూపిస్తే, వాళ్ళు పని ఆపెయ్యమన్నారు. కారణం వుడీయే. ఆ రూపంలో వాడు ఎంత కర్కోటకుడంటే చూసినవాళ్ళెవరికీ వాడి మీద రవ్వంత జాలి కలగలేదు. బజ్‌ని కావాలనే కిటికీలోంచి తోసేస్తాడు. తర్వాత తిరగరాశారు. నువ్వయితే ఏం చేస్తావు, వుడీని మంచివాణ్ణి చేస్తావు కదా? వాళ్ళు అలా చెయ్యలేదు. కుళ్ళు అలాగే ఉంచారు. బజ్‌ని బల్ల వెనక్కి పడేద్దామనుకున్నాడు, అది కాస్తా ముదిరి బజ్ కిటికీలోంచి పడిపోయాడు, అంతే మార్చారు. పిల్లాడి పక్కన తన చోటు పోతుందన్న భయాన్ని ముందే మనకి చూపించారు. ఇంట్లో తమ్ముడు పుట్టినప్పుడు మనందరికీ ఉన్న భయమే అది. ఇక రెండోసారి ఎక్కడంటావా? ఇల్లు మారుతున్నారు, బండి కదులుతోంది, వుడీ దాన్ని అందుకున్నాడు కూడా. బజ్ కంచెలో ఇరుక్కుపోయాడు. వదిలేస్తే ఇక పోటీయే లేదు. వుడీ దిగి వెనక్కి వెళ్తాడు. ఒక్క ఉపన్యాసం లేదు. ఇంకో తమాషా: బజ్ ఎగిరినప్పుడు అది ఎగరడం కాదు, స్టైలుగా పడటం అని వుడీ మొదట్లో వెక్కిరిస్తాడు. చివర్లో నిజంగా గాల్లో ఉన్నప్పుడు ఆ మాటే బజ్ నవ్వుతూ తన గురించి తనే అంటాడు. ఎవడి ఎదుగుదల ఎవడి నోట్లోంచి వచ్చిందో చూడు.

ఇప్పుడు నీ దగ్గరికి. నువ్వు డిగ్రీ రోజుల నుంచి "అసమర్థుని జీవయాత్ర" తలకింద పెట్టుకుని పడుకునే బాపతు. గోపీచంద్ రాసిన ఆ నవలలో సీతారామారావు ఎదిగాడా? వాడు దిగాడు కదరా, మెట్టు మెట్టుకీ. ఆస్తి కరిగిపోతుంది, నెపం మాత్రం ఎప్పుడూ లోకానిదే. రెండోసారి కాదు, పదోసారి వచ్చినా అదే సాకు, కాకపోతే ప్రతిసారీ ఇంకాస్త తెలివైన సాకు. ఆ తెలివి పెరగడమే నాకు భయమేస్తుంది, మనిషి కుంగుతున్నకొద్దీ వాదన పదునెక్కడం. ఇది బొమ్మల్లో తియ్యడం కష్టం, ఒప్పుకుంటాను. బుర్ర లోపల జరిగేదాన్ని పైపు మీద పరిగెత్తించలేం. కాబట్టి ఈ రౌండు నీకే ఇచ్చేస్తున్నా, పండగ చేసుకో.

కానీ కన్యాశుల్కం నాకు వదిలెయ్. అది నాటకం, అందులో గురజాడ కూడా మనసులోకి దిగి చెప్పలేడు, అంతా నోటి మాటే. గిరీశం అన్ని పేజీలు వాగి, చివర్లో గుట్టు రట్టయి వకీలు సౌజన్యారావు గారు వెళ్ళగొడితే ఏమంటాడు? కథ అడ్డంగా తిరిగిందంటాడు! తను తప్పు చేశానని కాదు, కథ తిరిగిందని. రెండోసారి పరీక్షలో సున్నా, అయినా నూరేళ్ళకి పైగా మనం వాణ్ణే నెత్తిన పెట్టుకున్నాం. మారనివాడిలో ఆ మజా ఉంటుంది, చూసేవాళ్ళకి.

మధురవాణి సంగతి అలా కాదు. ఆఖరి అంకంలో మగ వేషంలో సౌజన్యారావు ఇంటికి వెళ్ళి, ఆయన వాదిస్తున్న కేసు గెలిపించే నిజం చెప్తాను, ఒక ముద్దు ఇవ్వమని బేరం పెడుతుంది. సానివాళ్ళ గాలి సోకితేనే మైల అనుకునే పెద్దమనిషి కిందా మీదా పడి చివరికి ఒప్పుకుంటాడు. అప్పుడు తనే వద్దంటుంది, చెడనివాళ్ళని చెడగొట్టొద్దని వాళ్ళమ్మ చెప్పిందట. నాకెప్పుడూ అనుమానమే, అక్కడ మారింది ఎవరు? ఆవిడకి ఆ పద్ధతి మొదట్నుంచీ ఉంది, తన దగ్గరికి వచ్చినవాళ్ళందరినీ ఆడించినప్పుడు కూడా ఉంది. కదిలింది ఆ పంతులు గారు. ఇంకో సంగతి, 1897లో అచ్చయిన మొదటి కూర్పులో మధురవాణి ఇంత మనిషి కాదు. 1909లో నాటకాన్ని దాదాపు కొత్తగా తిరగరాసినప్పుడు గురజాడ ఆవిణ్ణి కథ నడిపే మనిషిని చేశాడు. అంటే ఆ పన్నెండేళ్ళలో మధురవాణి ఎదిగింది స్టేజి మీద కాదురా, గురజాడ రాసుకునే బల్ల మీద. వుడీని తిరగరాసినవాళ్ళకీ ఈయనకీ చుట్టరికం కలిసిందా లేదా? ఇప్పుడు చెప్పు బొమ్మలూ నవలలూ వేరువేరని.

రాటటూయి గురించి కూడా రాద్దామనుకున్నా, 2007ది, ఎలుక వంటవాడి సినిమా. అందులో ఈగో అని కొరకంచు లాంటి తిండి విమర్శకుడు ఒక్క ముద్ద తినగానే చిన్నప్పుడు అమ్మ పెట్టిన ముద్ద గుర్తొచ్చి కరిగిపోతాడు. ఒక్క ముద్దకి మారితే నమ్మడమెలా అని నువ్వంటావు, నేనూ అన్నాను. కానీ ఆ ముద్ద కోసం ఎలుక ఉన్న హోటల్‌ని మెచ్చుకున్నాడని పరువూ ఉద్యోగమూ పోతాయి, అయినా మళ్ళీ అదే ఎలుక చేతి వంటకి వచ్చి కూర్చుంటాడు, అందుకని నమ్మాను. ఇంతకంటే రాస్తే ఆకలేస్తుంది.

చెప్పడం మర్చిపోయాను, చెయ్యి ఎందుకు పట్టుకుందన్న ప్రశ్నకి నేను పైన రాసిందంతా మా పిల్లకి ఒక అరగంట వివరించాను. ఓపిగ్గా విని, "అది కాదు మామయ్యా, వాళ్ళమ్మకి ఏం గుర్తు లేదు కదా, పట్టుకోకపోతే డౌట్ వస్తది" అని మళ్ళీ రిమోట్ తీసుకుంది. నా దగ్గర దీనికి జవాబు లేదు, నీ దగ్గరుంటే రాయి.

పోయిన ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కన్యాశుల్కం కాపీ ఒకటి దొరికింది, అరవై రూపాయలు, అట్ట లేదు. ఎవరో పెన్సిల్‌తో గిరీశం డైలాగులన్నిటి కిందా గీతలు గీశారు. ఆఖరి అంకంలో మధురవాణి సీన్ మొత్తానికి ఒక్క గీత లేదు, ఒక్క చోట మాత్రం టీ మరక ఉంది. రేపు కొరియర్ చేస్తున్నా. డిసెంబర్‌లో బుక్ ఫెయిర్‌కి వచ్చేటప్పుడు తీసుకురా, పోగొట్టకు. పప్పు మాడ్చడం మానెయ్.

నీ
విద్యానగర్ వాడు