ఈమెయిల్ వెళ్లింది రాత్రి 7:40కి, లెక్కలో పడింది మర్నాడు

సంపాదకులకు,

మా అక్క కొడుకు గత నెల 10న ఒక శిక్షణ కోర్సుకి ఈమెయిల్‌లో దరఖాస్తు పంపాడు. ఆఖరి తేదీ అదే. దిల్‌సుఖ్‌నగర్‌లో నెట్ సెంటర్ నుంచి, రాత్రి 7:40కి. వారం పోయాక 'గడువు దాటింది' అని జవాబొచ్చింది. వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి అడిగితే అక్కడి ఉద్యోగి కంప్యూటర్ తిప్పి చూపించారు: 11వ తేదీ, 1:10. "అర్ధరాత్రి దాటాక పంపితే మేమేం చేస్తామమ్మా?" అన్నారు. ఆ నెట్ సెంటర్ తొమ్మిదింటికే షట్టర్ దించేస్తుంది!

ఆయన్ని అని లాభం లేదు, కనబడిందే చదివారు. తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. అమీర్‌పేటలో పదేళ్లుగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతున్నదాన్ని, అక్కడే అనుమానం వచ్చింది.

ఈమెయిల్ తేదీ వరుసలో 19:40:00 పక్కనే +0530 అని ఉంటుంది. ఆ గడియారం యూటీసీ (ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక సమయం) కన్నా ఐదున్నర గంటలు ముందుందని దానర్థం. పైథాన్‌లో ఈ వరుసని చదివిపెట్టే పార్స్‌డేట్ అనే ఫంక్షన్ (రెడీమేడ్ కోడ్ ముక్క) ఈ చివరి +0530ని వదిలేస్తుంది. మిగిలిన 19:40ని యూటీసీ అనుకుని దాచి, చూపించేటప్పుడు మన టైమ్‌కి మార్చాలని ఇంకో ఐదున్నర కలిపితే 1:10. వాళ్ల కోడ్ నేను చూడలేదు గానీ లెక్క మాత్రం ఇలాగే కుదురుతోంది. ఇదే నిజమైతే సాయంత్రం 6:30 నుంచి వచ్చిన ప్రతి దరఖాస్తూ మర్నాటి ఖాతాలో పడుతుంది. పొద్దున పంపినవాళ్లకి తారీఖు మారదు కాబట్టి ఎవరికీ తెలియదు. దెబ్బ తినేది ఆఖరి రోజు సాయంత్రం దాకా ఆగేవాళ్లే. మనలో వాళ్లే ఎక్కువ, అది వేరే సంగతి.

నేనూ ఒకప్పుడు 'తేదీ వరుసలో మొదటి 25 అక్షరాలు కత్తిరించుకోండి, చాలు' అని పిల్లలకి చెప్పినదాన్నే. తారీఖు ఒక్క అంకెలో ఉన్న రోజున ఆ కత్తెర తప్పుతుంది, పైగా +0530 చెత్తబుట్టలోకి పోతుంది. పార్స్‌డేట్_టు_డేట్‌టైమ్ అనే ఇంకో ఫంక్షన్ వాడితే ఆ +0530 వెంటే వస్తుంది. +0530 బదులు ఐఎస్‌టీ (భారత ప్రామాణిక సమయం) అనే అక్షరాలు చూసి మన టైమే అనుకోవడమూ పొరపాటే, ఇజ్రాయెల్ వాళ్లూ అవే రాసుకుంటారు.

పంపినవాళ్ల గడియారం మీద నమ్మకం లేకపోతే, ఈమెయిల్ అందినప్పుడు తమ సర్వర్ సమయంతో సహా వేసిన 'రిసీవ్డ్' అనే వరుస చూడమనండి ఆ ఆఫీసు వాళ్లని. అదీ కాకపోతే ఈ రోజు రాత్రి ఏడింటికి తమకు తామే ఒక ఈమెయిల్ పంపుకుని, ఏ తారీఖు పడిందో చూసుకుంటే చాలు.

— ఒక పైథాన్ టీచర్, మలక్‌పేట, హైదరాబాద్