మాణిక్‌పట్నం తప్పంతా ఒక్కడిదేనా?

సంపాదకుల వారికి,

1803లో ఒడిశా ఇంగ్లిషువాళ్ల చేతికి చిక్కిన తీరుపై ఇటీవల మీరు వేసిన వ్యాసం, నేరమంతా చిలికా సరస్సు ఒడ్డున మాణిక్‌పట్నం ఠాణా చూసుకున్న మరాఠా అధికారి ఫతే మహమ్మద్ నెత్తిన రుద్ది ఊరుకుంది. మా గంజాం వైపు కూడా ఈ మాటే ఎక్కువగా వినిపిస్తుంది.

అతను లొంగిపోయిన మాట నిజమే. గంజాం నుంచి బయల్దేరిన మద్రాసు సేనకు చిలికా దగ్గర దారిచ్చాడు, తర్వాత ఇంగ్లిషువాళ్ల నుంచి అక్కడి మాలూద్ జాగీరు పుచ్చుకున్నాడు. ఆ చోటు చూసినవాళ్లకు కడుపు మండక మానదు. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క సరస్సు, నడుమ సన్నటి ఇసుక మేట. సెప్టెంబరు నెల, వానలు. ఫిరంగి బళ్లు ఆ ఇసుకలో లాక్కుంటూ వచ్చి, చివర నీళ్లు దాటాలి. పడవలు దొరక్కుండా చేసినా చాలు, ఆ సేనను నడిపిన కర్నల్ హార్‌కోర్ట్‌కు చుక్కలు కనిపించేవి. అలాంటిది, సెప్టెంబరు 18కల్లా సేన పూరీలో ఉంది!

కానీ ఆ ఠాణా వెనక ఎవరున్నారు? అప్పట్లో ఒడిశాను ఏలిన నాగపూర్ మరాఠా రాజు భోంస్లే తన సైన్యంతో మరో మరాఠా నాయకుడు సింధియా పక్కన దక్కనులో ఉన్నాడు; అదే నెల 23న అస్సాయే యుద్ధంలో ఇంగ్లిషువాళ్ల చేతిలో ఇద్దరూ ఓడారు. ఇక్కడ ఖుర్దా రాజుకు మరాఠాలంటేనే మంట. లెంబాయి, రహంగ్, సిరాయి, ఛబిస్‌కుద్ పరగణాలు వాళ్లు లాగేసుకున్నారు. అవి తిరిగొస్తాయన్న ఆశతో, ఈస్టిండియా కంపెనీ ఇస్తానన్న లక్ష రూపాయల మాట మీద, ఆయనా దారిచ్చాడు. కంపెనీ పరగణాలు ఇవ్వలేదు. 1804లో ఖుర్దా తిరగబడింది, ఆ తిరుగుబాటు నడిపిన జయీ రాజగురును 1806లో చంపేశారు.

కటకంలో బారాబతి కోట కాస్త పోరాడింది. అక్టోబరు 14న ఫిరంగితో తలుపు పగలగొట్టి లోపలికి చొరబడ్డారు. అదీ అంతే. అన్నట్టు, ఆ మద్రాసు పటాలాల్లో మన తెలుగు సిపాయిలూ ఉండేవారు. ఫతే మహమ్మద్‌ను తిట్టేటప్పుడు ఆ సంగతి మనకెందుకో గుర్తురాదు.

గంజాంలోని పోటాగడ కోట దగ్గరా, మాణిక్‌పట్నంలోనూ ఈ కథ మొత్తం చెప్పే బోర్డులు ఒడియా, తెలుగు, ఇంగ్లిషుల్లో పెట్టాలని గంజాం, పూరీ జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాను. మాలూద్ జాగీరు గురించి రాస్తే, ఖుర్దాకు ఎగ్గొట్టిన నాలుగు పరగణాల గురించీ అదే బోర్డు మీద రాయాలి.

– ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా