ఆప్షన్లు పెట్టేముందు ఇది చదువు బిడ్డా

బిడ్డా,

పీజీ ఎంట్రన్స్ (సీపీగెట్) ర్యాంకు వచ్చిన రోజు నుంచి ఒకటే అడుగుతున్నావు: ఎంఎస్సీ కెమిస్ట్రీ సీటు కోసం ఆప్షన్లలో పాలమూరు యూనివర్సిటీ పెట్టాలా, హైదరాబాద్‌లోనే ఏదో ఒక ప్రైవేటు కాలేజీ పెట్టాలా అని. ఫోన్లో చెబితే సగం గాలికి పోతది. అందుకే రాస్తున్నా. ఈ కాగితం నీ సర్టిఫికెట్ల ఫైల్లోనే పెట్టుకో, రెండేళ్లు పనికొస్తుంది.

నా మాట ముందే చెప్తా. పాలమూరు యూనివర్సిటీది మహబూబ్‌నగర్ బండమీదిపల్లి క్యాంపస్‌ను ప్రైవేటు కాలేజీలన్నిటికంటే పైన పెట్టు. ఉస్మానియా క్యాంపస్ మీద ఆశ ఉంటే దాన్ని ఇంకా పైన పెట్టుకో, పోయేదేం లేదు. సీట్లు పంచే సాఫ్ట్‌వేర్ నీ మొదటి ఆప్షన్ నుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. నీ ర్యాంకుకు, కేటగిరీకి సీటు దొరికిన మొదటి చోటే ఆగుతుంది. రాని సీటు పైన ఉన్నందుకు కింది సీటు చేజారదు. పిల్లలు దెబ్బతినేది ఇంకో దగ్గర. చేరే ఉద్దేశం లేని కాలేజీని సరదాకు జాబితాలో వేస్తారు, సరిగ్గా అదే వస్తుంది. అక్కడ సీటు వచ్చినా పోను అనుకున్నదాన్ని అసలు పెట్టకు.

పాలమూరు యూనివర్సిటీ అనగానే ఒకటే చోటు అనుకోకు. ఉస్మానియా పీజీ సెంటర్‌గా ఉన్నది 2008లో యూనివర్సిటీ అయింది. దాని కింద వనపర్తి, గద్వాల, కొల్లాపూర్‌లలో పీజీ సెంటర్లున్నాయి, ఇవి కాక అనుబంధ ప్రైవేటు కాలేజీలున్నాయి. ఆప్షన్ల పేజీలో అన్నీ ఒకదాని కింద ఒకటి వరసగా కనిపిస్తాయి. కాలేజీ కోడ్, కోర్సు కోడ్, పక్కనున్న ఫీజు మూడూ చదివాకే నొక్కు. రెగ్యులర్ అని ఉందా, సెల్ఫ్ ఫైనాన్స్ (పిల్లలు కట్టే ఫీజుతోనే నడిచే సీటు) అని ఉందా చూడు. ఒకే బిల్డింగ్, ఒకే సార్లు, ఒకే ల్యాబ్ అయినా ఈ రెండు మాటల మధ్య ఫీజు ఎన్నో రెట్లు మారుతుంది. సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు ప్రభుత్వం ఫీజు మొత్తం ఇస్తుందన్న భరోసా కూడా లేదు, మిగిలింది మన చేతి నుంచే కట్టాలి. సేవ్ చేశాక ప్రింట్ తీసి వేలు పెట్టి ఒక్కొక్క వరస చదువు. మన ఇంటర్నెట్ దుకాణంలో ఆప్షన్లు పెట్టుకున్న పిల్లలు ఏడ్చుకుంటూ మళ్లీ వచ్చేది ఎక్కువగా కోడ్ తప్పినందుకే.

మొదటి విడతలో సీటు వస్తే గడువులోపల ఫీజు కట్టి రిపోర్ట్ చెయ్యాలి, లేకుంటే సీటు పోతుంది. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి కొత్త సీటు వచ్చిందనుకో, పాతది దానంతట అదే పోతుంది, తిరిగి రాదు. కాబట్టి రెండో విడతకు ఇప్పుడున్న దానికన్నా నిజంగా మంచివే పెట్టు.

ఒరిజినల్స్ సంగతి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ మెమోలు, ప్రొవిజనల్, టీసీ, తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, ఆధార్. ఒక్కొక్కటి మూడు సెట్లు జిరాక్స్ తీసుకో, ఫొటోలు పది ఉంచుకో. నీ డిగ్రీ ఉస్మానియా కింద చేశావు గనుక పాలమూరులో చేరితే మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. ఇది చేరే రోజు గుర్తొస్తే లాభం లేదు, యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టి ఫీజు కట్టి తెచ్చుకోవాలి. ఒరిజినల్స్ ఎక్కడ ఇచ్చినా ముందు స్కాన్ చేసి నీ మెయిల్‌కు పంపుకో. అసలు ఏ కాలేజీ అయినా సర్టిఫికెట్లు సరిచూసి తిరిగి ఇచ్చెయ్యాలి, దగ్గర ఉంచుకోవద్దు అని యూనివర్సిటీలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా చాలా చోట్ల టీసీ పేరు చెప్పి అన్నీ పట్టుకుంటారు. ఇస్తే రసీదు అడుగు, మొహమాటపడకు.

చేరి మానుకుంటే పైసలు ఎంత వెనక్కి వస్తాయో కూడా అదే యూజీసీ లెక్క కట్టింది. అడ్మిషన్ల ఆఖరు తేదీకి 15 రోజులు లేదా అంతకన్నా ముందే చెబితే కొద్దిపాటి కోతతో మొత్తం, ఆ తర్వాత ఆఖరు తేదీ లోపల 90 శాతం, ఆఖరు తేదీ దాటిన 15 రోజుల్లో 80, ఆ పైన 30వ రోజు దాకా 50, ఆ తర్వాత సున్నా. మానుకుంటున్నట్టు రాసి ఇచ్చిన తేదీయే లెక్క. నోటితో చెబితే లెక్కలోకి రాదు.

ఇంక అసలు విషయం, ఈపాస్, అంటే స్కాలర్‌షిప్‌కు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టే సర్కారు వెబ్‌సైట్. ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటే ఫీజు మాఫీ అని చాలామంది అనుకుంటారు. కాదు. చేరేటప్పుడు నీ దగ్గర ట్యూషన్ ఫీజు తీసుకోకుండా, ప్రభుత్వం ఇస్తుందని రాసుకొని అండర్‌టేకింగ్ తీసుకుంటారు. ప్రభుత్వం ఇవ్వలేదంటే ఆ బాకీ నీ పేరు మీదే ఉంటుంది. రెండేళ్లయ్యాక టీసీ కోసం పోతే నో డ్యూస్ (బాకీ ఏమీ లేదన్న కాగితం) దగ్గర ఆపుతారు. ఆలస్యం సర్కారుదే అయినా కౌంటర్ ముందు నిలబడేది నువ్వే. అందుకే దరఖాస్తు ఎక్కడ ఆగిందో ప్రతి సెమిస్టర్‌లో ఒకసారైనా చూసుకోవాలి.

మన బీసీలకు పల్లెలో ఏడాది ఆదాయం లక్షన్నర లోపు ఉండాలి, పట్నంలో రెండు లక్షలు. హాజరు 75 శాతం. దరఖాస్తు టెన్త్ హాల్‌టికెట్ నంబర్‌తో మొదలవుతుంది, అక్కడే సగం మంది చిక్కుకుంటారు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది. లేదంటే పుట్టిన తేదీ తేడా. మెమో మార్చడం పెద్ద పని, ఆధార్ మార్చడం చిన్న పని. అందుకే ఎప్పుడూ ఆధార్‌నే మెమోకు సరిగ్గా కలిసేలా దిద్దించాలి, అదీ దరఖాస్తు పెట్టకముందే. పెట్టాక దిద్దితే పాత పేరు, కొత్త పేరు రెండూ నడుస్తుంటాయి.

తర్వాత బ్యాంకు ఖాతా. నీకు రెండున్నాయి. డిగ్రీ మొదట్లో తీసినది వాడక నిద్రపోయి ఉంటుంది. ఆధార్ ఏ ఖాతాకు ముడిపడి ఉందో బ్యాంకులో అడుగు. ఖాతా నంబర్ ఒకటి ఇచ్చి, ఆధార్ ఇంకోదానికి అంటుకొని ఉంటే పైసలు ఎక్కడికి పోయాయో తెలుసుకునేసరికి ఏడాది తిరుగుతుంది. ఫోన్ నంబర్ కూడా నీదే ఇవ్వు. ఓటీపీ నాకు వచ్చి, నేను పొలంలో ఉండి, నువ్వు క్లాసులో ఉంటే పని కాదు.

దరఖాస్తు సబ్‌మిట్ చేయగానే పని అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. సబ్‌మిట్ చేశాక మీసేవలో వేలిముద్ర వేయాలి. ఆ తర్వాత ప్రింటుకు జిరాక్స్‌లు జతచేసి డిపార్ట్‌మెంట్‌లోనో ఆఫీసులోనో ఇవ్వాలి. కాలేజీ వాళ్లు సరిచూసి జిల్లా సంక్షేమాధికారికి పంపాలి. అక్కడ మంజూరవుతుంది, ఆ తర్వాత బిల్లు ట్రెజరీకి పోతుంది. మంజూరైంది అని కనిపించినా పైసలు వచ్చినట్టు కాదు, ట్రెజరీ దగ్గర నెలల తరబడి ఆగుతుంది. ఎక్కువ దరఖాస్తులు చచ్చిపోయేది మాత్రం కాలేజీ నుంచి పైకి పోకుండానే. ఇచ్చిన పది రోజులకు స్టేటస్ చూడు. ఇంకా కాలేజీ లాగిన్‌లోనే ఉంటే ఆఫీసుకు పోయి క్లర్కును మర్యాదగా అడుగు. దరఖాస్తు నంబర్ చెబితే రెండు నిమిషాల పని. రెండో ఏడాది రెన్యువల్ విడిగా పెట్టాలి, దానంతట అది రాదు.

హాజరు విషయంలో ఒక మోసం ఉంది. 65, 75 మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కండోనేషన్ (తక్కువైన హాజరును మన్నించే) ఫీజు కడితే పరీక్ష రాయనిస్తారని సీనియర్లు చెప్తారు. పరీక్ష వరకు అది సరే, స్కాలర్‌షిప్ దానితో నిలబడదు. పెళ్లిళ్ల సీజన్‌లో ఊరికి వచ్చేటప్పుడు ఈ లెక్క వేసుకో. మీ అమ్మ పిలిచినా సరే.

ఖర్చు లెక్క నేనిలా వేశా. హైదరాబాద్‌లో ప్రైవేటు హాస్టల్ నెలకు ఆరున్నర వేలు, పది నెలలకు 65 వేలు, బయట తిండి, సిటీలో తిరుగుడు వేరే. క్యాంపస్ హాస్టల్‌లో సీటు దొరికితే మెస్‌కు నెలకు మూడు వేలు పక్కన పెట్టినా 30 వేలు. యూనివర్సిటీ మెస్‌లు చాలావాటిలో డివైడింగ్ పద్ధతి ఉంటుంది. నెలలో అయిన ఖర్చునంతా తిన్న రోజుల మీద పంచుతారు. అందుకే బిల్లు ఒక నెల తక్కువ, ఒక నెల ఎక్కువ వస్తుంది. సెలవుల నెలలో మనుషులు తగ్గి, వంటవాళ్ల ఖర్చు తగ్గక, తలకు ఎక్కువ పడుతుంది. ఇంటికి వచ్చేటప్పుడు ముందురోజే రిజిస్టర్‌లో రాస్తేనే ఆ రోజులు కొట్టేస్తారు. హాస్టల్ దరఖాస్తు అడ్మిషన్ రోజే ఇవ్వు. ఆలస్యమైతే మొదటి సెమిస్టర్ బయట గది తీసుకోవాల్సి వస్తుంది, అప్పుడు నా లెక్క మొత్తం తారుమారవుతుంది.

సామాను పెద్దగా అక్కర్లేదు. తెల్ల ఆప్రాన్ రెండు తీసుకో, కాటన్‌దే. సింథటిక్‌ది బర్నర్ దగ్గర అంటుకుంటే ఒంటికే కరుగుతుంది. ల్యాబ్‌లో పెట్టుకునే కళ్లద్దాలు, సైంటిఫిక్ క్యాలిక్యులేటర్, తాళం వేసుకునే ట్రంకు పెట్టె. పుస్తకాలు మొదటి నెల కొనకు, లైబ్రరీ చూసి, సీనియర్లను అడిగి కొను. సెమిస్టర్ పరీక్ష ఫీజుకు, రికార్డులకు, ప్రింట్లకు నెలకు ఐదు వందలు విడిగా దాచు. పరీక్ష ఫీజు నోటీసు గోడ మీద అతికించి ఊరుకుంటారు, గడువు దాటితే లేట్ ఫీజు.

రాకపోకలకు దిగులు లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ లేదు కదా. కానీ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఒరిజినల్ ఉండాలి, అడ్రస్ తెలంగాణ అని ఉండాలి. నీ ఆధార్ చిన్నప్పటిది, అందులో ఇంకా ఆంధ్రప్రదేశ్ అనే ఉంది. కండక్టర్ ఒప్పుకోకపోతే టికెట్ కొట్టించుకోవాల్సిందే. పేరు దిద్దించేటప్పుడే అదీ దిద్దిద్దాం. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం పైసలే.

ఇంత చెప్పాక చిన్న యూనివర్సిటీలో ఉన్న లోటు కూడా చెప్పాలి. పర్మినెంట్ సార్లు తక్కువ, కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ వాళ్లతో నడుస్తుంది. ల్యాబ్‌లో కెమికల్ అయిపోతే మళ్లీ వచ్చేదాకా ప్రయోగం ఆగుతుంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల మీద ఆశ పెట్టుకోకు. కానీ క్లాసులో మంది తక్కువ, సార్ దగ్గరకు నేరుగా పోవచ్చు. జడ్చర్ల పక్కనే పోలేపల్లిలో ఫార్మా సెజ్ (మందుల కంపెనీల ప్రత్యేక మండలి) ఉంది. అక్కడ క్వాలిటీ కంట్రోల్‌కు తీసుకునేటప్పుడు అడిగేది మార్కులకంటే ముందు హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంత ఉందో తేల్చే పరికరం) మీద చెయ్యి తిరిగిందా అని. డిపార్ట్‌మెంట్‌లో ఏ పరికరం పనిచేస్తుందో, ఏది బట్ట కప్పి ఉందో మొదటి వారమే చూసి పెట్టుకో. రెండో ఏడాది ప్రాజెక్ట్ కంపెనీలో చేసేలా ముందే సార్‌ను అడుగు.

హాస్టల్ ఖర్చులో మిగిలిన 35 వేలు, ఊళ్లో దొరికే ప్రశాంతత, ఈ రెండిటితో సీఎస్ఐఆర్ నెట్‌కు (పరిశోధన ఫెలోషిప్‌కు, లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష) చదువు. ఆ పరీక్ష 200 మార్కులు, మూడు గంటలు. పార్ట్ ఏలో 20 ప్రశ్నలు ఇచ్చి 15, బీలో 40 ఇచ్చి 35, సీలో 60 ఇచ్చి 25 రాయమంటారు. తప్పుకు నాలుగో వంతు కోత. సగం మార్కులు ఆ 25 ప్రశ్నలవే, అంటే ఒక్కోదానికి నాలుగు. అన్నీ చదవాలని పోకుండా ఆర్గానిక్, స్పెక్ట్రోస్కోపీ లోతుగా పట్టుకుంటే చాలావరకు గట్టెక్కవచ్చు. జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు. ఎంఎస్సీ ఆఖరి ఏడాదిలో ఉండగానే రాయవచ్చు. ఒక్క జాగ్రత్త: మన రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తహసీల్దార్ దగ్గర వేరే తీసుకోవాలి. ఆ పని నేను చూస్తా.

ఆదాయం సర్టిఫికెట్ పోయిన ఏడాదిది చెల్లదు, రేపే కొత్తదానికి పెడుతున్నా. నువ్వు మైగ్రేషన్‌కు పెట్టి రసీదు తీసుకో. ఆదివారం వచ్చేటప్పుడు టెన్త్ మెమో, ఆధార్, రెండు బ్యాంకు పుస్తకాలు తీసుకురా. ఆప్షన్లు మాత్రం నువ్వొక్కదానివే హడావిడిగా పెట్టెయ్యకు, దుకాణంలో పెద్ద స్క్రీన్ మీద ఇద్దరం కూర్చొని పెడదాం.

మీ నాయిన