అమ్మకు, డాలస్ నుంచి

అమ్మా,

కడుపుతో ఉన్న నాకు షుగర్ అని తెలిసినప్పటి నుంచి నువ్వు సరిగ్గా తినడం లేదంట, నాన్న చెప్పాడు. ఫోన్‌లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను చెప్పాల్సింది మర్చిపోతాను. అందుకే రాస్తున్నాను. ఆఫీసు పని ఇంటి నుంచే, ఇబ్బందేం లేదు.

చిన్నప్పుడు నువ్వు బెల్లం ఎక్కువ పెట్టావు కాబట్టే ఇట్లా అయిందని చిన్నమ్మ అన్నదంట. ఆ మాట మనసులో పెట్టుకోవద్దు. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డకు తిండి అందించే మాయ నుంచి వచ్చే హార్మోన్లు, షుగర్‌ను అదుపులో పెట్టే ఇన్సులిన్‌ను సరిగ్గా పని చేయనివ్వవు. దానికి తగినంత ఇన్సులిన్ ఒంట్లో ఊరని వాళ్లకు షుగర్ పెరుగుతుంది. నాన్నకు ఉంది కాబట్టి నాకు అవకాశం కాస్త ఎక్కువ, అంతే. నీ చేతి వంటను ఎవరైనా ఇంకోసారి అంటే నాకు చెప్పు, నేనే మాట్లాడతాను.

అన్నం మానేశానని ఎవరు చెప్పారు? పస్తులుంటే ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు అనేవి పెరుగుతాయి, అది బిడ్డకు మంచిది కాదు. మూడు పూటలా తింటున్నాను, మధ్యలో చిరుతిండి కూడా. మధ్యాహ్నం చిన్న గిన్నెడు అన్నం, అంతకంటే ఎక్కువ ఆకుకూర పప్పు, బీన్స్ వేపుడు, పెరుగు. పడుకునే ముందు పాలు, నాలుగు బాదం పప్పులు.

పొద్దున పూటే కష్టంగా ఉంది. ఆ వేళ ఇన్సులిన్ ఇంకా మందంగా పనిచేస్తుందంట. మూడు ఇడ్లీలు తిని గంట తర్వాత వేలు గుచ్చి చూస్తే 158. 140 లోపు ఉండాలి. మర్నాడు ఒకే ఇడ్లీ, రెండు ఉడికించిన గుడ్లు, నువ్వు నూరినట్టు గట్టిగా చెనక్కాయల చట్నీ. తిన్నాక పావుగంట వీధిలో నడిచి వచ్చి, గంటకు చూస్తే 126! మీ అల్లుడు మీటర్‌ను ఫోటో తీసి పెట్టుకున్నాడు.

పరగడుపున 95 లోపు ఉండాలి. ఒక్కోరోజు 97, 98 చూపిస్తోంది, దానికే నాకు టెన్షన్. తగ్గకపోతే రాత్రి పూట ఇన్సులిన్ ఇస్తామంటోంది డాక్టరమ్మ. సూది అనగానే బెంబేలు పడకు. ఆ ఇన్సులిన్ మాయ దాటి బిడ్డ దగ్గరికి పోదు. నా రక్తంలోని షుగర్ మాత్రం మాయ దాటి పోతుంది, అది ఎక్కువైతే బిడ్డ మరీ బరువు పెరుగుతుంది. అందుకే ఇంత జాగ్రత్త.

రాగి జావ తాగమంటావు. జావ పలచగా ఉంటే త్వరగా అరిగి షుగర్ ఎక్కుతుంది. సంగటి అయితే సగం ముద్ద, పప్పుతో. కాల్షియం ఉంది కాబట్టి రాగి మానను, కానీ అదీ అన్నం లెక్కలోకే వస్తుంది.

దామలచెరువు మండీకి మామిడికాయలు దిగాయా? ఇక్కడి మెక్సికో మామిడికి వాసనే లేదు. సాయంత్రం రెండు ముక్కలు తింటాను, జ్యూస్ ముట్టను.

కాన్పు బాగా జరిగితే అలిపిరి మెట్లెక్కుతానని మొక్కుకున్నావంట. 3,550 మెట్లమ్మా, నీ మోకాళ్లతోనా? మేము వచ్చేదాకా ఆగు, అందరం కలిసి పోదాం.

కాన్పు అయ్యాక చాలామందికి తగ్గిపోతుంది. అయినా 4 నుంచి 12 వారాల లోపు మళ్లీ గ్లూకోజ్ తాగించి చూస్తారు. ఆ తర్వాత కూడా షుగర్ వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి అప్పుడప్పుడు చూపించుకుంటూనే ఉండాలి, చూపించుకుంటాను.

నువ్వు వచ్చేటప్పుడు సున్నుండలు, మైసూర్‌పాక్ వద్దు. చెనక్కాయల పొడి, కరివేపాకు పొడి చాలు. నాన్నకు షుగర్ మాత్రలు నువ్వు తిరిగి వచ్చేదాకా సరిపడా కొనిపెట్టు, ఒక్కడే ఉంటే తెచ్చుకోడు. ఈ రాత్రికి మాత్రం కడుపు నిండా తిని పడుకో.

నీ
చిన్నది