నాలుగెకరాలు అమ్ముదాం, రెండు గుంటలు ఆపు

బిడ్డా,

మొన్న ఫోన్లో పొలం అమ్ముదామా అని నువ్వు అడిగినదానికి "సరే, చూద్దాం" అని పెట్టేశాను. ఇంకొక్క మాట మాట్లాడితే ఏడ్చేదాన్ని. అందుకే రాస్తున్నా. కోడలికి కూడా చదివి వినిపించు.

పొలం అమ్మొద్దని నేననను. మీ నాయిన పోయాక ఆ చెలకను పట్టించుకునే మనిషి లేడు. షాద్‌నగర్ నుంచి మన ఊరికి వచ్చే దారిలో ఇప్పుడు పత్తి చేల కంటే రంగులేసిన హద్దురాళ్లే ఎక్కువ కనబడుతున్నాయి. మన నాలుగెకరాల పది గుంటలకు మూడు దిక్కులా వెంచర్లే. రేటు బాగానే చెప్పారు. మీ ఇంటి లోను తీరుతుంది, మనవరాలి చదువుకు పనికొస్తుంది. నా సంతకానికి అడ్డం లేదు.

పొలంలో ఉన్న మనవాళ్ల సమాధులు తవ్వి ఊరి శ్మశానానికి మార్చాలన్నాడే ఆ అమ్మకం మధ్యవర్తి, ఆ మాట దగ్గరే నా ప్రాణం ఆగిపోయింది. సమాధి కనబడితే పక్క ప్లాట్లు అమ్ముడుపోవంట.

నిరుడు నేను అమెరికాలో మీ దగ్గరున్నప్పుడు న్యూ బ్రన్స్‌విక్‌లో సినిమాకు తీసుకుపోయావు, గుర్తుందా? రూట్ 1 పక్కన ఆ పెద్ద థియేటర్. కారు దిగి చూస్తే పార్కింగ్ నడుమ రాతిగోడ, దాని మీద మనిషి ఎత్తులో చిన్న గడ్డి దిబ్బ. "అమ్మా, అది సమాధి" అన్నావు. మేరీ ఎల్లిస్ అనే ఆమె 1828లో పోతే అక్కడ పెట్టారని, ఆమె తోబుట్టువు కుటుంబం వాళ్లు కూడా ఆ పక్కనే ఉన్నారని చెప్పావు. అప్పుడదంతా నది ఒడ్డున చెట్లూ చేమలూ. తర్వాత సంత లాంటి మార్కెట్ వచ్చింది, అది పోయి థియేటర్ వచ్చింది. చుట్టూ నేలను చదును చేసుకున్నారు గానీ ఆ దిబ్బను అలాగే ఉంచి గోడ కట్టారు. మీరు టికెట్లు చూసుకుంటుంటే నేను దానికేసే చూస్తూ నిలబడ్డా. ఆమె నా చుట్టమా పక్కమా? అయినా కడుపు చల్లగా అనిపించింది.

నిన్న మీ చిన్నోడితో వీడియోలో ఈ సంగతి అంటే వాడు ఇంకోటి చూపించాడు. అమెరికాలోనే జార్జియా రాష్ట్రంలో సవానా విమానాశ్రయం ఉంది కదా, అది ఒకప్పుడు డాట్సన్ అనే కుటుంబం వాళ్ల పొలమట. రెండో ప్రపంచ యుద్ధంలో రన్‌వే పెంచడానికి అక్కడి సమాధులు దాదాపు నూరు తీసి వేరేచోట పెట్టారు. ఆ కుటుంబం పెద్దలైన ముసలి దంపతులను కదపనివ్వలేదు వాళ్ల వారసులు. ఆమె 1877లో, ఆయన 1884లో పోయారు. రెండు రాతి పలకలు ఇప్పటికీ రన్‌వేలోనే పరిచి ఉన్నాయి, విమానాలు పక్కనుంచి లేస్తున్నాయి. విమానాలకు అడ్డం రానిది ప్లాట్లకు అడ్డం వస్తదా బిడ్డా?

మీ తాత, నాయనమ్మ, మీ నాయిన ముగ్గురూ ఆ దక్షిణం మూల వేపచెట్టు కిందే ఉన్నారు. నాయనమ్మ సమాధికి దీపం గూడు పెట్టించింది నువ్వే. అప్పుడు నీకు తొమ్మిదేళ్లు. తడి సిమెంట్ మీద నీ బొటనవేలు దిగితే మేస్త్రి చెరపబోయాడు, మీ నాయిన వద్దన్నాడు. ఆ ముద్ర ఇంకా ఉంది. పెత్రమాసకు నేను వెల్ల వేసేటప్పుడు అందులోకి సున్నం పోకుండా గుడ్డ అడ్డం పెడతాను.

మన పక్క చెలక వాళ్లు పోయినేడు అమ్మారు. నోటిమాట మీద "సమాధి జోలికి రాం" అన్నారట కొన్నవాళ్లు. డాక్యుమెంట్‌లో ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు ప్రహరీ లేచింది. ఆ ఇంటి ముసలాయన సంక్రాంతికి కొబ్బరికాయ పట్టుకొని గేటు దగ్గర వాచ్‌మన్‌ను బతిమిలాడుకున్నాడు. నా కళ్లారా చూశాను.

అందుకే నేనడిగేది ఇది. ఆ మూల రెండు గుంటలు, అంటే 242 గజాలు, అమ్మకంలో కలపొద్దు. సర్వేయర్‌తో కొలిపించి, మిగతా పొలం నుంచి విడిగా చూపించి, మన పేరు మీదే ఉంచు. రోడ్డు నుంచి అక్కడికి దారి కూడా హద్దులతో సహా డాక్యుమెంట్‌లో రాయించు. దారి రాయకపోతే రెండు గుంటలున్నా లేనట్టే. వాళ్లు రేటు తగ్గిస్తామంటే తగ్గించనీ. ఆ తగ్గింది నా వాటాలోంచి తీసెయ్యి.

ఇంకొకటి. మీ నాయిన పక్కన తూర్పు వైపు ఆరడుగులు ఖాళీ వదిలించాను, ఆయన్ను మట్టి చేసిన రోజే. ఆ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. కొలత వేసేటప్పుడు అది కూడా కలిపే వెయ్యమను.

సర్వేయర్ వచ్చే తేదీ ముందే చెప్పు. వేపచెట్టు కింద ముళ్లకంప కొట్టించి పెడతాను.

మీ అమ్మ