వార్షిక నివేదిక: ముంపులో పోయిన కాపెల్ కెలిన్ చర్చి

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ ఎప్పటిలాగే బాగా జరిగాయి, ఫొటోలు అందరూ చూసే ఉంటారు, లెక్కలు కోశాధికారి గారు విడిగా పంపిస్తారు. నేను మాత్రం వేసవిలో వేల్స్‌లోని ట్రవెరిన్ లోయకి వెళ్ళొచ్చిన సంగతే వివరంగా రాస్తాను, ఎందుకంటే రావాలనుకుని రాలేకపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు, పైగా ఇది లివర్‌పూల్‌లో ఉంటున్న మనందరికీ సంబంధించిన విషయం.

మన లివర్‌పూల్ ప్రాంతానికి నీళ్ళిచ్చే నదుల్లో డీ నది ఒకటి. అందులో నీరు తగ్గకుండా పైనుంచి వదిలేది బాలా ఊరి దగ్గరున్న కెలిన్ జలాశయం. దాని అడుగున కాపెల్ కెలిన్ అనే చిన్న ఊరుండేది. అక్కడ అందరూ వెల్ష్ మాట్లాడేవాళ్ళే. ఒక బడి, ఒక పోస్టాఫీసు, పన్నెండు ఇళ్ళూ పొలాలూ, మధ్యలో కాల్వినిస్టిక్ మెథడిస్టులనే ప్రొటెస్టెంటు శాఖవాళ్ళ చర్చి, పక్కనే సమాధుల తోట. ఆ రోజుల్లో వేల్స్ పల్లెల్లో చర్చి అంటే ఆదివారం ఆరాధన ఒక్కటే కాదు, పిల్లలు చదవడం నేర్చుకున్నదీ, పెద్దలు పాటలు కట్టి పాడుకున్నదీ, ఊరి మంచిచెడ్డలు మాట్లాడుకున్నదీ అక్కడే. అదే లోయలో హాఫోడ్ ఫాదోగ్ అనే చోట క్వేకర్లనే మరో క్రైస్తవ శాఖవాళ్ళ అంతకంటే పాత సమాధులు కూడా మునిగాయి, ఆ లోయ క్వేకర్లలో కొందరు ఎప్పుడో అమెరికాలోని పెన్సిల్వేనియాకి వలసపోయారు.

నగరానికి నీళ్ళ కోసం ఆ లోయలో జలాశయం కట్టుకోడానికి లివర్‌పూల్ కార్పొరేషన్, అంటే నగర కౌన్సిల్, నేరుగా పార్లమెంటుకి వెళ్ళి 1957లో చట్టం తెచ్చుకుంది, దాంతో అక్కడి స్థానిక కౌన్సిళ్ళ అనుమతి అక్కర్లేకుండా పోయింది. వేల్స్ ఎంపీలు 36 మందిలో ఒక్కరూ దానికి ఓటెయ్యలేదు, అయినా నెగ్గింది. అంతకుముందు ఏడాది నవంబరులోనే ఊరివాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి మన లివర్‌పూల్ వీధుల్లో ఊరేగింపు చేశారు. లాభం లేకపోయింది. 67 మందిలో 48 మంది ఇళ్ళు పోగొట్టుకున్నారు.

1963 సెప్టెంబరు 28న ఆ చర్చిలో చివరి ఆరాధన జరిగింది. తర్వాత దాన్ని పడగొట్టారు. కొన్ని అస్థికలు వేరేచోటికి తరలించారు, మిగతావి అక్కడే కాంక్రీటు కింద ఉండిపోయాయి, సమాధి రాళ్ళు మాత్రం ఒడ్డుకి తెచ్చారు. చర్చి రాళ్ళతో గట్టు మీద కట్టిన స్మారక మందిరం దగ్గరే మనవాళ్ళందరం చాలాసేపు నిలబడి ఆ సమాధి రాళ్ళ మీది పేర్లు చదివాం. 1965 అక్టోబరు 21న జలాశయం ప్రారంభోత్సవానికి నిరసనకారులు తరలివచ్చారు, సభ కొద్ది నిమిషాల్లోనే ముగిసిపోయింది. లివర్‌పూల్ కౌన్సిల్ 2005లో క్షమాపణ చెప్పింది. చెప్పడం మంచిదే, కానీ 1956లో ఆ జనం గుమ్మం ముందుకొచ్చినప్పుడు వినాల్సింది అని నా అభిప్రాయం.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన శ్రీశైలం ముంపులో పోయిన తన ఊరి గురించి చెప్పారు, నీళ్ళు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడడం గురించి చెప్పారు. అది విన్నాక, అలా మునిగిన మన ఊళ్ళ గురించి ఒక పుస్తకం తేవాలని కార్యవర్గం నిర్ణయించింది. శ్రీశైలం, నాగార్జునసాగర్, పోలవరం ముంపు ఊళ్ళకి చెందిన కుటుంబాలు మనలో ఉంటే, ఆ ఊళ్ళ గుళ్ళూ చర్చిలూ మసీదులూ బళ్ళ గురించి మీ అమ్మానాన్నల్ని అడిగి రాసి పంపండి. ఫోన్‌లో రికార్డు చేసినా చాలు, టైపు చేసే పని మేం చూసుకుంటాం. పాత ఫొటోలుంటే అసలువి పంపొద్దు, స్కాన్ చేసి పంపండి. పుస్తకం ఖర్చు సంగతి వచ్చే జనరల్ బాడీ మీటింగులో మాట్లాడుకుందాం.