ధ్యాన బృందాలు వాడలకు చేరాలి

సంపాదకులకు నమస్కారం.

అమరావతి స్తూపానికి శిల్పఫలకాలు సమర్పించిన దాతల్లో విధికుడనే చర్మకారుడు ఒకడు. కుటుంబంతో కలిసి పూర్ణఘట (నిండు కలశం) ఫలకాన్ని దానం చేసినట్లు అతడు వేయించిన ప్రాకృత శాసనం నేటికీ నిలిచి ఉంది. సుగంధద్రవ్యాల వర్తకులు, గృహస్థులు, భిక్షుణులు కూడా అదే స్తూపం మీద తమ పేర్లు చెక్కించుకున్నారు. తోలుపని చేసేవాడి పేరు స్తూపం మీద ఉండటానికి అభ్యంతరం లేని ఆ సంఘం మన నేల మీదిదే గనుక, ఇవాళ మన పట్టణాల్లోని బౌద్ధ ధ్యాన బృందాలు ఎవరిని కలుపుకొంటున్నాయో అడగవలసిన బాధ్యత మనకుందని భావించి ఈ లేఖ రాస్తున్నాను.

నేను ఆరేళ్లుగా ఆనాపానసతి, అంటే శ్వాసను గమనించే ధ్యానం, సాధన చేస్తున్నాను. మొదట్లో మా వీధి ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలిని వెంటబెట్టుకుని ఒక ధ్యాన కేంద్రానికి వెళ్లాను. అక్కడ ఎవరూ ఆమెను పరుషంగా ఒక్క మాట అనలేదు. కానీ సూచనలన్నీ ఇంగ్లిషులో సాగాయి, మోకాళ్ల నొప్పులున్న ఆమెకు కుర్చీ దొరకలేదు, ధ్యానం ముగిశాక టీ తాగుతుండగా ఒక పెద్దాయన "మీరెవరి తాలూకు అమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్న దేనికోసమో తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఆమె మళ్లీ రాలేదు. ఆ పూట నేనూ నోరు విప్పలేదు, అది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

ధ్యాన గురువు ఎస్.ఎన్. గోయెంకా గారి సంప్రదాయంలో పది రోజుల విపస్సన ధ్యాన శిబిరాలు ఫీజు లేకుండా జరుగుతాయి. 1994లో తీహార్ జైలులో వెయ్యి మందికి పైగా ఖైదీలు ఒకే శిబిరంలో ఆ సాధన చేశారు. ఆ ఔదార్యం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అయితే రోజుకూలీ మీద బతికేవారికి శిబిరం ఉచితమైనా పది రోజుల కూలి పోతుంది. సాధన వల్ల మేలు పొందిన ఉద్యోగులు, విదేశాల్లోని తెలుగువారు కలిసి ఆ పది రోజుల కూలిని వారి ఇంటికి అందించే నిధి ఒకటి ఏర్పాటు చేస్తే అంతకంటే అర్థవంతమైన దానం నాకు కనిపించదు.

ధ్యానంలోకి సామాజిక సమస్యలు తీసుకురావద్దని కొందరు మిత్రులు అంటారు. ఆళవి అనే ఊరిలో బుద్ధుడు ఆకలితో వచ్చిన పేద రైతు కోసం ధర్మోపదేశాన్ని ఆపి, ముందు అతనికి అన్నం పెట్టించాడని, దానిపై భిక్షువులు చర్చించుకుంటే ఆకలిని మించిన రోగం లేదని చెప్పాడని ధమ్మపద వ్యాఖ్యానం చెబుతోంది. రోగంతో సొంత మలమూత్రాల్లో పడి ఉన్న భిక్షువుకు ఆయన స్వయంగా స్నానం చేయించాడు. వియత్నాం యుద్ధకాలంలో ఆ దేశపు బౌద్ధ భిక్షువు తిక్ నాట్ హన్, ఆయన శిష్యులు బాంబులకు కూలిన పల్లెలను తిరిగి కట్టడానికి వెళ్లినది కూడా ధ్యానాన్ని వదిలిపెట్టి కాదు. భిక్షువు ఉన్నది తన పరిపూర్ణత కోసమా, సమాజ సేవ కోసమా అని డాక్టర్ అంబేడ్కర్ వేసిన ప్రశ్నకు సాధకులమైన మనమూ జవాబు చెప్పాలి.

మన వాడల్లోని బుద్ధ విహారాల పెద్దలకూ ఒక మనవి ఉంది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిన వేళ అంబేడ్కర్ తన అనుయాయుల చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో అష్టాంగ మార్గాన్ని అనుసరిస్తామన్నది ఒకటి. సమ్యక్ స్మృతి (సరైన ఎరుక), సమ్యక్ సమాధి (సరైన ఏకాగ్రత) ఆ మార్గంలోనివే. జయంతులకు, వర్ధంతులకు పూలమాలలు వేయడంతోనే సరిపెట్టే విహారాల్లో వారానికి ఒక్క గంటైనా ధ్యానం జరగాలి, నిర్వహణలో ఆడవాళ్లకూ చోటుండాలి.

గత రెండేళ్లుగా మేము పదిహేను మందిమి ప్రతి ఆదివారం ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో కూర్చుంటున్నాం. చాపలతోపాటు కుర్చీలూ వేస్తాం, సూచనలు తెలుగులోనే ఇస్తాం, ధ్యానం తరువాత అవసరమైన వారికి ఆసుపత్రి కాగితాలు, పింఛను అర్జీలు రాసిపెడతాం. అన్ని ధ్యాన కేంద్రాల సాధకులూ రానున్న అక్టోబరు 14న తమ హాలుకు తాళం వేసి, దగ్గరలోని వాడలో ఉన్న విహారానికి వెళ్లి అక్కడివారితో కలిసి కూర్చోవాలని కోరుతున్నాను. తెల్లవారుజామున పెట్టకుండా సాయంత్రం ఆరు గంటలకు పెడితే, నాలుగింటికే వీధుల్లోకి వెళ్లవలసిన పారిశుద్ధ్య కార్మికులు కూడా రాగలుగుతారు.

– ఒక సాధకురాలు, విజయవాడ